లింగమూర్తి సారు తప్పు పట్టని రికార్డింగు

లింగమూర్తి సారు ఇంట్లో చాయ్ తాగాలంటే ముందు ఒకే పాటలోని ఒక ముక్కను రెండుసార్లు వినాలి. మొదటిసారి ఒక బృందం పాడుతుంది, రెండోసారి ఇంకో బృందం. పాట మాత్రం అదే. మూడు వందల ఏళ్ళ కిందట, బరోక్ కాలంలో, యూరప్‌లో చర్చి కోసం కట్టిన పెద్ద బృందగానం. విన్నాక "ఏది బాగుంది?" అని అడుగుతారు. మనం ఏది చెప్పినా తప్పే.

సారు సిద్దిపేటలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో కోఠి ఫుట్‌పాత్ మీద అగ్గువకు దొరికిందని ఈ పాట క్యాసెట్టు ఒకటి కొన్నారట. జబ్బు అక్కడ అంటుకుంది. ఇప్పుడు ప్రపంచంలోని బృందాలన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి కాబట్టి ఇక నయమయ్యే ఆశ లేదు. నేను వాళ్ళ మేడ మీద కిరాయికి ఉంటాను. ఇల్లు మంచిది, నీళ్ళు బాగా వస్తాయి, అందుకని భరిస్తున్నాను.

ఆయనకు ఏ బృందమూ నచ్చదు. మూడు వందల మంది పాడితే "గిది పాట కాదు తమ్మీ, జాతర" అంటారు. పదహారు మందే పాడితే "మిగిలినోళ్ళకు బస్సు దొరకలేదా ఏంది" అంటారు. ఒక్క డచ్చి వాళ్ళ రికార్డింగును మాత్రం పల్లెత్తు మాట అననివ్వరు. అందులో భూతద్దం పెట్టి వెతికినా తప్పు దొరకదని ఆయన నమ్మకం.

ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన వంశీ ఒకసారి "రెండు ఒక్కతీర్గనే ఉన్నయి సార్" అన్నాడు. సారు అతన్ని మళ్ళీ మొదటి నుంచి కూర్చోబెట్టారు. అతని కోసం ఎదురుచూస్తున్న పక్కిళ్ళవాళ్ళు ఆ పూటంతా ఉక్కపోతలో గడిపారు. కౌన్సిలర్ పదవికి నిలబడ్డ ఒకాయన ఓటు అడగడానికి వచ్చి, విని, "రెండిటికి న్యాయం చేస్త సార్" అన్నాడు. సారు ఓటు ఇంకెవరికో వేశారు. సారు భార్య స్వరాజ్యం గారు రెండో బృందం అందుకోగానే పొయ్యి మీద చాయ్ పెడతారు. "నాకు గడియారంతోని పని లేదు బిడ్డా" అంటారావిడ.

ఇన్నేళ్ళుగా కిటికీలోంచి వచ్చే ఈ పాట వీధి చివరి చర్చిలో పాటల బృందాన్ని నడిపే షారోన్‌కు ఎక్కేసింది. పోయిన క్రిస్మస్‌కు దాని చివరి భాగం మేమే పాడతామంది. చిక్కంతా బృందంలోని ఇశ్రాయేలు తాతతో వచ్చింది. ఉద్యోగంలో మిరుదొడ్డి బస్సును ఏనాడూ ఆలస్యంగా నడపని మనిషి, ఆఖరి "ఆమేన్" దగ్గర మాత్రం అందరికంటే వెనక వస్తాడు. ఆ లావు గొంతు ఒంటరిగా, స్పష్టంగా వినబడుతుంది. ఈసారి తాతను సన్మానంగా వినేవాళ్ళ ముందు వరసలో కూర్చోబెడదామని పిల్లలు అన్నారు. పెళ్ళయిన ఏడాది నుంచీ ఆ బృందంలో పాడుతున్న ఆయనకు ఆ సన్మానం అర్థమైంది. సారు ఎట్ల చెబితే అట్ల చేద్దామనుకుని, తమ పాటను ఫోన్‌లో రికార్డు చేసుకుని అందరూ వచ్చారు. తాత గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

సారు ముందు డచ్చి వాళ్ళది పెట్టారు. తర్వాత షారోన్ వాళ్ళది. ఆమేన్ దగ్గర తాత గొంతు వెనకే వచ్చింది. అందరూ నేల చూపులు చూశారు. నాకు సారు నోటి సంగతి తెలుసు కాబట్టి తాత మీద జాలేసింది.

"నేను తప్పుకుంట సార్. పిల్లల పాట ఖరాబైతుంది" అన్నాడు తాత.

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "డచ్చోళ్ళ దాంట్ల గూడ గిట్లనే ఉంది."

"ఏముంది సార్?" అంది షారోన్.

"గాడ ఒక ముసలాయన వెనక వస్తడు. మీరు సరిగ్గ వినలే. అందరు ఒక్కసారే ఆపితే పాట తెగినట్టుంటది బిడ్డా. ఒక్క పెద్ద గొంతు వెనకుండాలె."

"అయితే మళ్ళొక్కసారి పెట్టుండ్రి సార్, వింటం."

మళ్ళీ పెట్టమని సారును ఒకరు అడగడం నేను చూడ్డం అదే మొదలు. సారు స్పీకరు వైపు చూశారు.

"ఛార్జింగ్ లేదు" అన్నారు.

స్పీకరు వైరు గోడ ప్లగ్గులోనే ఉంది.

తాత లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "అయితే నేను గట్లనే రావాల్నా సార్?"

"గట్లనే రావాలె ఇశ్రాయేలన్నా. తొందరపడకు."

క్రిస్మస్ నాడు తాత అస్సలు తొందరపడలేదు. ఇదివరకటి కంటే ఇంకొంచెం ఆలస్యంగా, మహా ధీమాగా వచ్చాడు. చర్చి అంతా తాత ముగించేదాకా ఆగి అప్పుడు చప్పట్లు కొట్టింది.

ఇంటికి నడిచి వస్తూ అడిగాను. "సార్, డచ్చి వాళ్ళ దాంట్లో ఎవరూ వెనకబడరు కదా?"

"ఎవ్వలు వెనకవడరు. ఇన్నేండ్లసంది వింటున్న, నాకు తెల్వదా?"

ప్రాణంగా చూసుకునే రికార్డింగు మీద తన నోటితో తనే మచ్చ వేసిన మనిషిని చూస్తే, ఆయన మీద నాకున్న విసుగంతా పోయింది. ఏదో మంచి మాట చెప్పబోయాను. సారు వేలెత్తి ఆపారు.

"గీ సంగతి ఇశ్రాయేలన్నకు తెలిసిందనుకో తమ్మీ, నిన్ను కూసోబెట్టి పాట మొత్తం వినిపిస్త. రెండు బృందాలయి."

నేను ఇంతవరకూ సిద్దిపేటలో ఎవరికీ చెప్పలేదు. నా మంచితనమేమీ లేదందులో. పాట మొత్తం ఒక బృందానికే రెండు గంటల పైన పడుతుంది.