ఇంటికొచ్చే పాట

పాటల వరుస మార్చి వినేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆల్బమ్ అన్నాక మొదటి పాట మొదట, చివరి పాట చివర వినాలి. ఈ విషయం మీద మల్కాజ్‌గిరిలో మిత్రుడి డాబా మీద నేను పెట్టుకున్న గొడవలకు లెక్క లేదు. ఆదివారం పొద్దున అక్కడ నలుగురం కలుస్తాం. సినిమాలవి కాని, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఇండీ పాప్ ఆల్బమ్ ఒకటి ఎవరో ఒకరు చెప్పాలి, మిగతావాళ్లు ఇంట్లో విని వచ్చే ఆదివారం మాట్లాడాలి. చెప్పేటప్పుడు పాట వినిపించకూడదు, మాటలతోనే ఊరించాలి. ఆ పద్ధతి పెట్టింది నేనే.

నలుగురిలో అల్వాల్ నుంచి వచ్చే అక్క ఒకామె ఉంది. మా అందరికన్నా ఎక్కువ విన్న మనిషి, నాకు ఈ పిచ్చి అంటించిన మనిషి. వాళ్ల నాన్న గూడ్సు రైళ్లు నడిపేవాడు. ఆయన పోయాక ఆమె రావడం తగ్గించింది. వచ్చినా టీ తాగి ఊరికే కూర్చునేది. పాట మొదలవగానే ఆపేస్తున్నానని, ఇక ఏదీ వినబుద్ధి కావడం లేదని ఒకరోజు అంది. నాకు నిజంగానే భయమేసింది. ఒక్క ఆల్బమ్ చెప్తాను, అది మాత్రం చివరిదాకా విను అని బతిమాలాను. సరే, అదీ నచ్చకపోతే మళ్లీ పిలవొద్దని షరతు పెట్టింది.

నేను చెప్పింది ఎక్కడో కొండల్లో ఉండే అన్నాచెల్లెళ్లు ఇంట్లోనే రికార్డు చేసిన ఆల్బమ్. ఆఫీసులో ఒకతను కాపీ చేసి ఇస్తే ఏళ్లుగా నా పాత కారులో పెన్‌డ్రైవ్‌లోనే వింటున్నాను. ఫోన్లో వెతకాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. మొదటి పాటలో ఎవరో బస్సెక్కి వెళ్లిపోతారు. తర్వాత అంతా వాన, దిగులు, పరాయి ఊళ్లు. ఆఖరి పాటలో తాళం తీసిన చప్పుడు, లోపల కుక్కర్ విజిల్, వచ్చేశానని చెప్పే ఒక గొంతు. ఎన్నిసార్లు విన్నా అక్కడ నా గుండె నిమ్మళిస్తుంది.

"ఆఖర్ల మనిషి ఇంటికొస్తడక్కా. అందాక ఆపకు" అని చెప్పి పంపాను.

తర్వాతి ఆదివారం ఆమె వచ్చి కూర్చోగానే అడిగింది. "ఏందీ తమ్మీ, ఇంటికొస్తడంటివి. ఆఖర్ల బస్సెక్కి పోయిండు గదా?"

వేరే ఏదో విన్నావేమో అన్నాను. వరుస మార్చి విన్నావని నిష్ఠూరమాడాను కూడా. ఆమె ఫోన్ నా చేతికిచ్చింది. ఆ ఆల్బమ్ అసలు వరుస నేను చూడటం అదే మొదటిసారి. నా ఆఖరి పాట నడిమధ్యలో ఉంది. నా మొదటి పాట అట్టడుగున ఉంది. కిందికి పోయి కారులో చూస్తే, పాటలన్నీ పేర్ల అక్షరక్రమంలో బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. పైకి వచ్చేసరికి మిగతా ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

సిగ్గుకన్నా ముందు ఆ అన్నాచెల్లెళ్ల మీద కోపం వచ్చింది. అంత మంచి పాటని తీసుకుపోయి మధ్యలో ఎలా పెడతారు? ఇన్నాళ్లూ నేను ప్రాణంలా చూసుకున్నది ఎవరు చేసిన ఆల్బమ్? వాళ్లది కాదు. నాది అందామా అంటే నేను చేసిందేమీ లేదు. అది చాలక, తండ్రి పోయిన మనిషిని ఇంటికొచ్చే పాట కోసమని పంపి, వెళ్లిపోయే పాట వినిపించాను. తప్పయిపోయింది, ఇక పిలవనులే అక్కా అన్నాను.

ఆమె గ్లాసులో అడుగున మిగిలిన టీని తిప్పింది.

"నువ్వు చెప్పిన పాట రాంగనే అదే ఆఖరనుకున్న. పానం నిమ్మళమైంది. ఇంతల ఇంకోటి షురూ అయింది" అంది. "మా నాన్న సుత గంతే, తమ్మీ. డ్యూటీకెల్లి వచ్చేటోడు, తినేటోడు, మల్ల పోయేటోడు. వచ్చుడు ఎప్పుడు నడిమిట్లనే ఉండె. వాళ్లు పెట్టిన వరుసనే కరెక్టు."

నేను తలూపాను. ఇన్నేళ్లు వాదించి గెలవాలనుకున్న మాట అదే. గెలిచినట్టు మాత్రం అనిపించలేదు.

టీ అయ్యాక కారు దాకా నాతో పాటు మెట్లు దిగింది. డోర్ పట్టుకుని నిలబడింది.

"ఆ పెన్‌డ్రైవ్ జెర నాకియ్యి" అంది. "ఆయన ఇంటికొచ్చినంక పాట ఆగిపోతే ఎట్లుంటదో ఒక్కసారి వింట."

పీకి ఇచ్చాను. ఇంటికి పోయేటప్పుడు కారులో ఏ పాటా పెట్టలేదు. ఆ ఆల్బమ్‌ని ఏ వరుసలో వినాలో నాకు ఇప్పటికీ తేలలేదు.