నాలుగిచ్చి నాలుగు దాచుకున్న ఫోటో ఆయన

మా కాలనీ ఫోటో స్టూడియో ఆయన రెండు వారాల కిందటి ఆదివారం నిద్రలోనే కన్నుమూశారు. నేను చర్చి మెట్లు దిగుతుంటే మా మనవడు ఫోన్ చేసి చెప్పాడు. నేను కూకట్‌పల్లి వచ్చిన ఈ ముప్పై ఏళ్లలో ఆయన నాకు ముందుగా చెప్పకుండా షట్టర్ దించడం ఇదే మొదటిసారి. ముందు కోపం వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది.

ఆయన గొప్ప ఫోటోగ్రాఫరని అబద్ధం చెప్పను. నా పింఛను కాగితాలకు తీసిన ఫోటోలో నేను పోలీసు స్టేషన్‌లో పలక పట్టుకుని నిలబడ్డదానిలా ఉంటాను. ఇదేమిటని అడిగితే, "ఉన్నది ఉన్నట్టు వస్తది టీచరమ్మా. మీరంటే నాకు భయం గని, కెమెరాకు లేదు" అనేవారు. నేను గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి స్కూల్లో పాఠాలు చెప్పుకున్నదాన్ని. ఆయన పాత కూకట్‌పల్లి ఊళ్లోనే పుట్టినవారు. నా 'అండీ'లను ఆయన వెక్కిరించేవారు, ఆయన 'గిట్ల'లను నేను దిద్దేదాన్ని. ఇద్దరిలో ఎవరూ బాగుపడలేదు.

స్టూడియో మెట్రో స్తంభం పక్కన, మగపిల్లల హాస్టళ్ల మధ్య ఉంటుంది. ఆఫీసు కార్డుకనీ వీసాకనీ పిల్లలు వచ్చేవారు. ఎనిమిది ఫోటోలు అడిగితే ఆయన నాలుగే చేతిలో పెట్టేవారు. "మిగిలినయి రంగు తేడా కొట్టినయ్ బిడ్డా. శనివారం రా, ఇస్త." ఒకరోజు సొరుగు తెరిచి ఉంటే చూశాను. ఆ మిగతా నాలుగు, పేర్లు రాసిన కవర్లలో, ఏ రంగు తేడా లేకుండా నిక్షేపంగా ఉన్నాయి.

"ఇదేం మోసమండీ?" అన్నాను.

"మోసమేంది టీచరమ్మా! అన్నీ ఒక్కసారే ఇస్తే గాళ్లు మళ్ల ఎందుకొస్తరు? శనివారం ఆఫీసుండదు, రూంల పండుకొని ఫోన్ చూసుకుంట ఉంటరు. గిట్లయితే నాలుగు ఫోటోల కోసమన్న బయటికొస్తరు, చాయ్ తాగుతరు, ఒకని మొఖం ఒకడు చూస్తడు."

శనివారం రానివాడి కవరు పట్టుకుని తానే హాస్టల్‌కు వెళ్లి తలుపు కొట్టేవారు.

ఆ పిల్లలు ఆయన్ని ఒకటే అడిగేవారు: "అంకుల్, దవడ కొంచెం కోసుగా చెయ్యండి." ఫోన్లలో మగవాళ్ల ముఖాలకు మార్కులు వేసే గుంపులున్నాయట. దవడ ఎముక ఇంత ఉండాలి, కళ్ల వాలు అంత ఉండాలి, లేకపోతే నిన్ను ఏ ఆడపిల్లా చూడదు, నీ బతుకింతే అని ఒకరికొకరు చెప్పుకుంటారట. ఆడపిల్లలకు మనం తరతరాలుగా చేస్తున్న మర్యాదను ఇప్పుడు మగపిల్లలు తమకు తామే చేసుకుంటున్నారన్నమాట.

నవ్వి ఊరుకుందామంటే మా ఇంట్లోనే ఒకడున్నాడు. మా అమ్మాయి కొడుకు, ఇరవై నాలుగేళ్లవాడు. హైటెక్ సిటీలో ఉద్యోగం, నా దగ్గరే ఉంటాడు. రెండేళ్లలో స్నేహితుడని ఒక్కణ్ణి ఇంటికి తీసుకురాలేదు. నాలుకను అంగిలికి అదిమిపెట్టి ఉంచితే దవడ తీరుతుందని ఎవరో చెప్పారట, పొద్దస్తమానం అదే తపస్సు. "పప్పు వెయ్యనా నాన్నా?" అంటే "ఊ." "చారు?" "ఊ." మాట్లాడే మనిషి లేక నేను కుక్కర్‌తో మాట్లాడుకునేదాన్ని. అదైనా విజిల్ వేసేది.

ఆ గుంపు వాడికి పదికి మూడున్నర వేసింది. నేను ముప్పై రెండేళ్లు పేపర్లు దిద్దాను. మూడున్నర వేస్తే ఎందుకు వేశామో పక్కన రాయాలి. వాడు కారణం అడగలేదు, మార్కు నమ్మేశాడు. దవడ ఎముక కోయించుకోవడానికి వచ్చే నెలకు తేదీ కూడా తీసుకున్నాడని క్లినిక్ వాళ్లు ఇంటికి ఫోన్ చేస్తే తెలిసింది. దెబ్బ తగిలితే కట్టు కడతాం. ఏ దెబ్బా లేని ముఖాన్ని కోయించుకుంటానంటే ఏం చేస్తాం?

ఇంతలో వాడి ఆఫీసులో ముఖం చూసి గేటు తీసే యంత్రం పెట్టారు, అందరినీ ఫోటో పంపమన్నారు. వీడు ఫోన్‌లో దవడ చెక్కుకుని మరీ పంపాడు. సోమవారం గేటు తెరుచుకోలేదు. వెనక వరసంతా ఆగిపోయింది. సెక్యూరిటీ అతను తెరను చూసి, వీణ్ణి చూసి, "సార్, మీరు మీరు కాదంట" అన్నాడట.

కొత్త ఫోటో కోసం వాణ్ణి స్టూడియోకి నేనే లాక్కెళ్లాను. వాడు స్టూలు మీద సర్దుకునేలోపు ఆపరేషన్ సంగతి ఆయన చెవిన వేశాను. ఫోన్‌లో ఆ చెక్కిన ముఖాన్ని ఆయన చాలాసేపు చూశారు.

"గీయన ఎవరు టీచరమ్మా? ఎప్పుడు చూడలే మీ ఇంట్ల?"

"మా మనవడేనండీ."

"అచ్ఛా! మెషిన్‌ది ఏం తప్పుంది మరి? గీయన వస్తడని చెప్పి నువ్వు పోయినవ్ బిడ్డా." కెమెరా వెనక్కి వెళ్లి, "పొద్దున ఏం తిన్నవ్?" అన్నారు.

"ఊ."

"నాలుక దించు. ఇక్కడ ఎవ్వడు ఎత్తుకపోడు."

వాడు బిత్తరపోయి "ఉప్మా" అన్నాడు. క్లిక్‌మంది. నవ్వమని ఆయన ఎవరినీ అనేవారు కాదు.

వచ్చే ఆదివారం వాణ్ణి పంపమన్నారు, జర పనుందని. నార్సింగి పెళ్లివాళ్ల ఆల్బమ్. వేల ఫోటోల్లోంచి నూరు మంచివి ఏరాలి. మావాడు కోసు ముఖాలన్నీ ఏరిపెట్టాడు. పెళ్లికూతురు తల్లి వచ్చి చూసి, "గీళ్లంతా ఎవరు? సీరియల్ల యాక్టర్లా? మా తమ్ముడేడి?" అందట. వాడు పక్కన పారేసినవన్నీ తిరగేసి ఒకటి లాగింది. లావుపాటి మనిషి, కళ్లు మూసుకుని, ముక్కు కారుతూ ఏడుస్తున్నాడు.

"ఇగో! మేనకోడలు పోతుందని ఎట్ల ఏడుస్తుండో చూడు. గిది పెద్దగ ఎయ్యి."

"ముఖం సరిగ్గా రాలేదు ఆంటీ."

"ఎందుకు రాలే? మొత్తం మా తమ్ముడే ఉన్నడు గదా!"

నూరింటిలో ఆవిడ ఉంచినవి పదకొండు. ఇలా అవుతుందని ముందే తెలిసినా ఆయన ఒక్క మాట అనకుండా చాయ్‌కని బయటికి వెళ్లి కూర్చున్నారట. ఇదంతా మావాడు అన్నం తింటూ చెప్పాడు, ఉక్రోషంగా, నవ్వుతూ, చేతులు తిప్పుతూ. పప్పు రెండుసార్లు అడిగాడు. ఆ పూట కుక్కర్‌కు సెలవిచ్చాను.

ఒక్క ఆదివారంతో అంతా తీరిందని చెప్పను. ఆపరేషన్ తేదీ వాయిదా వేశాడు, మళ్లీ వేశాడు. అద్దం ముందు గంట నిలబడ్డ రోజులూ ఉన్నాయి. ఆయన మాత్రం దవడ మాటే ఎత్తకుండా, ఎక్కడ పెళ్లుంటే అక్కడికి వాడితో లైటు మోయించారు. నేను తొందరపడితే, "ఫికర్ చేయకుండ్రి. వాని మొఖానికి ఏ రోగం లేదు. ఆ మొఖం చూసి 'ఏంరా, ఎట్లున్నవ్' అనెటోడు లేడు, గంతే" అన్నారు.

నాలుగో నెలలో క్లినిక్ వాళ్లు మళ్లీ ఫోన్ చేశారు. తలుపు చాటున నిలబడి విన్నాను. ఈ వయసులో నాకు సిగ్గేమిటి? "ఆదివారాలు కుదరదండి, పెళ్లిళ్లున్నాయి" అన్నాడు. ఫోన్ పెట్టెయ్యబోయి, "మిగతా రోజులు కూడా వద్దులెండి" అన్నాడు.

పరుగున వెళ్లి ఆయనకు చెప్పి చేతులు పట్టుకున్నాను. "నేనేం చేసిన టీచరమ్మా, బరువులు మోయించిన" అన్నారు.

ఆయన పోయిన పదో రోజున వాళ్ల ఇంటి ముందు షామియానా వేశారు. బగారా అన్నం, మటన్. హాస్టల్ పిల్లలు ఎంతమంది వచ్చారంటే బెంచీలు చాలక రెండు వరసలు నేల మీదే కూర్చున్నాయి. ఒక వరస నడుమ మావాడు. ఏదో బరాత్‌లో గాలికి లైటు గొడుగు ఎగిరి పెళ్లికొడుకు గుర్రం మీద పడితే, బెదిరిపోయిన గుర్రం వెనక ఆయన కెమెరా ఆపకుండా పరిగెత్తిన సంగతి చెబుతున్నాడు. నోటి నిండా అన్నం. పిల్లలు విరగబడి నవ్వుతున్నారు. గడపలో నిలబడిన ఆయన భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంటూ తానూ నవ్వుతోంది. మావాడి దవడ మీద, సరిగ్గా ఎముక దగ్గర, ఒక మెతుకు అంటుకుని ఉంది. వాడు మాట్లాడుతున్నంతసేపూ అది ఊగుతూనే ఉంది. నేను చెప్పలేదు.