మట్టిది తప్పేం లేదు

కరోనా వెళ్లిపోయాక రెండో వానాకాలం. తార్నాక మెయిన్ రోడ్డు నుంచి యూనివర్సిటీ వైపు తిరిగే సందులో నా షెడ్డు. అప్పటికి ఇరవై ఆరేళ్లుగా జీపులు, పాత వ్యాన్లు బాగుచేస్తున్నాను. నా పేరు యాదగిరి. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా క్యాంపస్ బళ్లే. హాస్టళ్లకు కూరగాయలు తెచ్చే ట్రాలీ ఆటోలు, ప్రొఫెసర్ల కార్లు, బోటనీ డిపార్ట్‌మెంట్ జీపు. ఇప్పుడు చెప్పబోయేది ఆ జీపు సంగతి. నా సంగతి కూడా, చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగా ఉన్నా.

ఆ జీపు ఫోర్ బై ఫోర్. మామూలు బండికి ఇంజన్ బలం రెండు చక్రాలకే అందుతుంది. దీనికి నాలుగింటికీ అందుతుంది. డ్రైవర్ పక్కన గేర్ రాడ్డు కాక ఇంకో చిన్న లివర్ ఉంటుంది. దాన్ని వేస్తే ముందు చక్రాలు కూడా లాగడం మొదలుపెడతాయి. బురదలో, ఎత్తుల మీద దాని పని. అయితే నేను ఎరిగిన కాలంలో ఆ జీపు ఎక్కిన గుట్ట తార్నాక ఫ్లైఓవర్ ఒక్కటే. పరీక్ష పేపర్లు మోయడం, గెస్టులను సికింద్రాబాద్ స్టేషన్ నుంచి తేవడం, ఇంతే దాని బతుకు.

జూలైలో ఒకరోజు బోటనీ గ్రేస్ మేడం షెడ్డుకు వచ్చారు. వెంట ఆవిడ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న సంధ్య.

"యాదగిరి, మన జీపు అడవికి పోతదా?" అన్నారు మేడం.

"గోడ చూపియ్యుండ్రి మేడం, ఎక్కిస్త," అన్నాను.

అడవి అంటే కర్ణాటకలో పడమటి కనుమలు. వానాకాలంలో అక్కడ ఆకాశానికి చిల్లు పడ్డట్టే ఉంటుందట. ఆ కొండ మీద తడి రాళ్లకు పాకే ఒక మొక్క ఉంది. ఏడాదికి పది రోజులే పూస్తుంది. సంధ్య థీసిస్ అంతా దాని మీదే. ముందటి ఏడు వెళ్తే కొండచరియ విరిగిపడి దారి మూసేశారు. ఈసారి అటవీ శాఖ వాళ్లు శని, ఆదివారాలకే అనుమతి ఇచ్చారు.

"ఇంక ఎక్స్‌టెన్షన్ ఇయ్యరన్నా. గీ రెండు రోజులల్ల పువ్వు దొరకకుంటే నాలుగేండ్ల పని నీళ్లల్ల పోసినట్టే," అంది సంధ్య. నాగర్‌కర్నూల్ వైపు పల్లెటూరి పిల్ల. ఇంటి దగ్గర ప్రతి పండక్కీ "ఇంకెంత చదువుతవ్?" అని అడిగేవాళ్లే.

"నేనొస్త బిడ్డా. బండి నాది, బాధ్యత నాది," అన్నాను. ఛాతీ కొద్దిగా ముందుకు వచ్చి ఉంటుంది కూడా.

నాలుగు రోజులు జీపు మీదే కూర్చున్నాను. బ్రేకులు, క్లచ్, రేడియేటర్ గొట్టాలు అన్నీ చూశాను. ముషీరాబాద్ వెళ్లి గుబ్బల టైర్లు తెచ్చి వేశాను. ఆఖరున ఫోర్ బై ఫోర్ లివర్ వేసి చూశాను. వెన్నలా పడింది. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని లివర్ వెన్నలా పడిందంటే మెకానిక్‌కు అనుమానం రావాలి. నాకు గర్వం వచ్చింది.

గురువారం పొద్దున బయల్దేరాం. పనిలోకి దిగేముందు షర్టు విప్పి, షెడ్డు రేకుల కింద వేలాడే ఒక ఇనుప రాడ్డుకు తగిలించడం నా అలవాటు. ఆ రోజు కూడా దానికున్న షర్టు తీసి తొడుక్కుని, దేవుడి పటానికి దండం పెట్టుకుని, బంపర్‌కు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి జీపు ఎక్కాను.

దారి పొడుగునా నేనే మాట్లాడాను. వాళ్లిద్దరూ చదువుకున్నవాళ్లు కదా, నాకు తెలిసింది నేను చెప్పాలి కదా అని. "మామూలు కారు మనిషి లెక్క మేడం, రెండు కాళ్లు. ఇది ఏనుగు. ఎంత దిగబడ్డా లేస్తది," అన్నాను. కర్ణాటక సరిహద్దు దాటాక ఏనుగు మాట మూడోసారి ఎత్తితే మేడం కళ్లు మూసుకుని నిద్ర నటించారు.

శుక్రవారం సాయంత్రానికి కొండ కింద కాఫీ తోటకు చేరాం. శనివారం పొద్దున తోటలో ట్రాక్టర్ నడిపే మంజప్ప దారి చూపడానికి మాతో వచ్చాడు. అతనికి తెలుగు రాదు, నాకు కన్నడ రాదు. ఇద్దరికీ వచ్చిన హిందీ అంతంతమాత్రమే. పైకి తొమ్మిది కిలోమీటర్ల మట్టిబాట. ఎర్రమట్టి నాని సబ్బులా ఉంది. రెండు పక్కలా చెట్లు, ఆకుల మీంచి ఆగకుండా కారే వాన. ఐదు కిలోమీటర్లు జీపు బాగానే లాగింది. అది గుబ్బల టైర్ల పుణ్యమని నాకు తర్వాత అర్థమైంది.

ఐదో కిలోమీటరు దాటగానే ఒక ఎత్తు, దాని కింద బురద గుంట. "ఇప్పుడు చూడుండ్రి మేడం," అని లివర్ వేశాను. వెన్నలా పడింది. యాక్సిలరేటర్ తొక్కాను. వెనక చక్రాలు గిర్రున తిరిగి ఇరుసు దాకా దిగబడ్డాయి. ముందు చక్రాలు కదల్లేదు.

దిగి జీపు కింద దూరాను. గేర్‌బాక్స్ పక్కనుంచి ముందు చక్రాల దాకా ఒక లావుపాటి ఇనుప రాడ్డు ఉండాలి. దాన్ని ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటారు. ఇంజన్ బలాన్ని ముందు చక్రాలకు మోసుకెళ్లేది అదే. అది ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఖాళీలోంచి అవతలి పక్క చెట్టు కనిపిస్తోంది.

బురదలో వెల్లకిలా పడుకున్నవాడిని అలాగే ఉండిపోయాను. ఆరేళ్ల కింద అప్పటి హెడ్ సార్ "డీజిల్ బాగా తాగుతోంది, ఏదైనా చెయ్యి" అన్నారు. మా ఫీల్డులో దానికి అందరూ చేసేది ఒకటే. సిటీలో ఫోర్ బై ఫోర్ ఎవడిక్కావాలి అని ముందు షాఫ్ట్ విప్పేస్తాం, మైలేజీ పెరుగుతుంది. నేనూ విప్పాను. చివర కొమ్ముల్లా చీలి ఉంటే అందంగా ఉందని రేకుల కింద తీగతో వేలాడదీశాను. ఆరేళ్లుగా నా షర్టు తగిలించుకుంటున్నది దానికే. రెండు రోజుల కింద కూడా దాని మీది షర్టే తీసి వేసుకుని వచ్చాను. ఆ షర్టు ఇప్పుడు ఒంటి మీదే ఉంది, బురదలో నానుతూ.

"ఏమైంది?" అని పైనుంచి మేడం గొంతు.

"మట్టి బాలేదు మేడం," అన్నాను. నోటికి ముందు అదే వచ్చింది. "మన దిక్కు మట్టి లెక్క లేదు ఇది. జారుతున్నది."

ఆ ఒక్క మాటకు వాళ్లిద్దరూ గంటసేపు కష్టపడ్డారు. రాళ్లు ఏరుకొచ్చి చక్రాల కింద వేశారు. వెనకనుంచి తోశారు. మేడం రెండుసార్లు జారి కూర్చున్నారు. మంజప్ప ఒక బండ మీద కూర్చుని వక్క నములుతూ జీపు కిందికి తొంగి చూశాడు. ఆ తర్వాత నా పక్కకు వచ్చి మెల్లగా "ఉస్తాద్, ఆగే కా చక్కా సో రహా హై," అన్నాడు. ముందు చక్రాలు నిద్రపోతున్నాయట. నేను వినపడనట్టు టైరు వైపు చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు సంధ్య తన రెయిన్‌కోటు విప్పి చక్రం కింద పరిచింది. వానలో తడుస్తూ నిలబడి "ఇప్పుడు చూడన్నా, లేస్తదేమో," అంది. ఆ పిల్ల ముఖంలో నా మీద ఇంకా నమ్మకమే ఉంది. 

"లేవదు బిడ్డా," అన్నాను. "మేడం, మట్టిది కాదు. ముందు షాఫ్ట్ లేదు."

"లేదంటే? దారిల ఊడిపోయిందా?"

ఎంత మంచి దారి చూపించారో చూడండి. అవునంటే సరిపోయేది. మంజప్ప వక్క నమలడం ఆపి నా వైపే చూస్తున్నాడు.

"ఊడలే మేడం. నేనే తీసిన. ఆరేండ్ల కింద, మైలేజీ కోసం."

"ఇప్పుడు ఏడున్నది?"

"షెడ్డుల."

"షెడ్డుల ఏం చేస్తున్నది?"

"నా షర్టు తగిలించుకుంట మేడం."

మేడం నా షర్టు వైపు చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, జీపు పట్టుకుని, ఆగలేక మళ్లీ బురదలో కూర్చున్నారు. సంధ్య మాత్రం నవ్వలేదు. వాచీ చూసుకుంది. "ఇంకా నాలుగు కిలోమీటర్లే కదా మేడం. నడుస్త," అంది.

సామానంతా నేనే నెత్తికెత్తుకున్నాను. ప్లాంట్ ప్రెస్ అని, మొక్కలను కాగితాల మధ్య అదిమిపెట్టే చెక్క చట్రం ఒకటి ఉంటుంది, అది పదేళ్ల పిల్లాడంత బరువు. జలగలు పట్టకుండా మంజప్ప ఇచ్చిన ఉప్పు మూట జేబులో ఉన్నా అవి నన్నే ఎంచుకున్నాయి. సంధ్య అడుగడుగునా ఆగి, దారి పక్క తడి రాళ్లు చూసి ఏదో రాసుకుంటూ నడిచింది. నా పక్కన మేడం "మీ ఏనుగు ఏం చేస్తుంటదంటరు ఇప్పుడు?" అని రెండుసార్లు అడిగారు. నేను జలగలు పీక్కుంటూ నడిచాను.

పైన తడి బండ దగ్గర సంధ్య మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. పువ్వు ఉంది. ఎక్కడా అని వంగి చూస్తే ఆవగింజంత ఉంది. దీనికోసమా అని నోటిదాకా వచ్చింది కానీ, ఆ రోజు నాకు మాట్లాడే హక్కు లేదు. గంటన్నరసేపు దాని మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఆ పిల్ల కొలతలు తీస్తూ కళ్లు తుడుచుకుంది. నాకూ కళ్లు చెమర్చాయి. వాన వల్ల ఎవరికీ తెలియలేదు.

వెలుగుండగానే కిందికి దిగేశాం. ఆదివారం మంజప్ప ట్రాక్టర్‌తో జీపును వెనక్కి లాగించాడు. లాగినంతసేపూ పాట పాడుతూనే ఉన్నాడు.

తిరిగొచ్చిన రోజే షాఫ్ట్ దించి, గ్రీజు పెట్టి బిగించాను. లివర్ వేస్తే గర్రుమని మొండికేసి పడింది. ఆ చప్పుడు అంత ఇంపుగా ఎప్పుడూ వినిపించలేదు. అప్పటినుంచి నా షెడ్డులో ఏ బండిలోంచి ఏం విప్పినా బానెట్ లోపల తెల్ల పెయింటుతో రాసిపెడతాను. తేలిగ్గా పడిన లివర్‌ను నమ్మను, కింద దూరి చూస్తాను.

మరుసటి ఏడు సంధ్య వైవా. థీసిస్ మీద బయటి ప్రొఫెసర్ వచ్చి అందరి ముందూ ప్రశ్నలు వేస్తారు, ఎవరైనా వచ్చి వినొచ్చు. మేడం నన్నూ పిలిచారు. పని మధ్యలోంచి లేచి, చేతులు కడుక్కుని, షర్టు వేసుకుని వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. సగం అర్థం కాలేదు. ఒక ప్రశ్న మాత్రం అర్థమైంది.

"కొండ దారిలో మొదటి ఐదు కిలోమీటర్లకు నీ దగ్గర రికార్డులే లేవు. అక్కణ్నుంచి అడుగడుక్కీ ఉన్నాయి. ఎందుకమ్మా?"

"అక్కడి నుంచి నడిచినం సర్."

"జీపు ఉందని రాశావు కదా?"

సంధ్య ఒక్క క్షణం వెనక బెంచీ వైపు చూసింది. "మట్టి బాలేదు సర్," అంది.

నా మాట నాకే తిరిగొచ్చింది. కూర్చోలేకపోయాను.

"మట్టిది తప్పేం లేదు సార్," అన్నాను లేచి. "ముందు షాఫ్ట్ నేనే తీసిన. షెడ్డుల నా షర్టు తగిలించుకున్న."

హాలంతా గొల్లుమంది. బయటి ప్రొఫెసర్ కళ్లజోడు తీసి నన్ను పైనుంచి కింది దాకా చూశారు.

"ఆ షర్టు ఇదేనా?"

తల వంచి చూసుకున్నాను. ఎన్ని ఉతుకులు ఉతికినా అంచున కొండ మీది ఎరుపు ఇంకా పోలేదు.

"ఇదే సార్," అన్నాను. పొద్దుటినుంచీ బిగుసుకుపోయి నిలబడ్డ సంధ్య అప్పుడు నవ్వింది.