మస్తానయ్య గ్రహానికి ప్రభుత్వం

2022 నవంబరు. నాయుడుపేటలో మేడమీద ఒంటి గదిలో ఉండేదాన్ని. సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లేయింగ్ ఆటలకు గ్రహాలు తయారుచేయడం నా పని. ఈ ఆటలో బోర్డు, పావులు ఉండవు. నలుగురైదుగురు కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాట్లాడతారు. గేమ్ మాస్టర్ అనే ఒకరు మాత్రం మిగతా లోకాన్నంతా నడుపుతారు. వాన మొదలైందని చెప్పేదీ, తలుపు తీసిన ముసలామెగా మాట్లాడేదీ ఆ మనిషే. ఆ లోకాన్ని ముందుగా రాసిపెట్టడాన్ని వరల్డ్ బిల్డింగ్ అంటారు. నాకు పని ఇచ్చేవాళ్ళందరూ విదేశాల్లోనే ఉండేవాళ్ళు. మెయిల్ వస్తుంది, గ్రహం పంపుతాను, బాగుందని రెండు ముక్కలు వస్తాయి. కూరగాయల బండి దగ్గర తప్ప వారమంతా నా గొంతు నాకే వినపడేది కాదు.

ప్రతి గ్రహానికీ ఒక షీట్ ఉంటుంది. గాలి, నీరు, జనాభా, చివర్లో ప్రభుత్వం. ఆ చివరి గడి దగ్గర చాలామంది పాచికలు వేసి, పడిన అంకెను బట్టి రాజరికమో, సైనిక పాలనో, ఎన్నికల సభో పెట్టేస్తారు. నేను పాచికలు వేయను. ఆ గ్రహం మీద దేనికి కొరత ఉందో చూస్తాను. పీల్చే గాలిని యంత్రంతో తయారుచేసుకునే చోట ఆ యంత్రం గది తాళాలు ఎవరి దగ్గరుంటే వాళ్ళదే పెత్తనం. కొరత తెలిస్తే ప్రభుత్వం దానంతట అదే తేలుతుందని నా నమ్మకం.

ఆ నెలలో మొదటిసారి నాకు తెలుగులో మెయిల్ వచ్చింది. రాసినతని పేరు మస్తానయ్య. కావలి వైపు సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో పడవ ఇంజన్ల మెకానిక్. కొన్నేళ్ళు సరుకుల ఓడలో పనిచేసినప్పుడు ఈ ఆట నేర్చుకున్నాడట. అప్పటి స్నేహితులు నలుగురితో ఆన్‌లైన్‌లో ఆడుతున్నానని, ఈసారి గేమ్ మాస్టర్ తానేనని రాశాడు. “అంతా నీళ్ళే ఉండే గ్రహం కావాల. మనుషులు రెండు వేల మంది. ప్రభుత్వం మీరే చూసి పెట్టండి.”

పడవల సభ పెట్టి పంపాను. పడవకొక ఓటు. వేటకు ఎప్పుడు వెళ్ళాలో, తగువులో తప్పెవరిదో సభే తేలుస్తుంది. మర్నాడు సాయంత్రం ఫోన్ చేశాడు.

“బాగుండాదక్కా. ఒక మాట అడగనా? ఫలానా మనిషితో ఎవురూ మాట్లాడకూడదని ఆ సభే తీర్మానం చేసిందనుకో. ఆ మనిషి యాడికి పోవాల?”

ప్లేటెస్ట్ చేస్తున్నాడనుకున్నాను. అంటే ఆడి చూసి, ఎక్కడ విరుగుతుందో పట్టుకోవడం. “సభకే అర్జీ పెట్టుకోవచ్చు” అన్నాను.

“వెలేసింది ఆ సభే గదక్కా.”

రెండోసారి, వేరే గ్రహం నుంచి గవర్నరును పంపించే ప్రభుత్వం రాశాను. ఆయన ఆరు నెలలకొకసారి ఓడలో వచ్చి అప్పీళ్ళు వింటాడు. మళ్ళీ సాయంత్రం ఫోన్. “ఆరు నెల్లు ఆ మనిషి ఎట్టుంటాడక్కా?” మూడోసారి, మనుషుల ప్రమేయం లేకుండా తీర్పు చెప్పే యంత్రాన్ని పెట్టాను. దానికి కోపతాపాలుండవు, నిమిషంలో న్యాయం చెబుతుంది. మస్తానయ్య అదీ చదివి ఫోన్ చేశాడు.

“మిషను తీర్పిస్తాది, సరే. పక్కింటోళ్ళ చేత పలకరింపించగలదా?”

మా పనిలో రెండు రివిజన్లు దాటితే విసుగొస్తుంది. రివిజన్ అంటే క్లయింటు అడిగిన మేరకు తిరగరాయడం. ఆ రోజు నాకూ విసుగొచ్చింది. ‘ఆటకు ఇంత లోతు అక్కర్లేదు. పాచికలు వేసి ఏది పడితే అది పెట్టుకోండి’ అని మెయిల్ కొట్టాను. “సరే అక్కా. ఇబ్బంది పెట్టినాను” అని జవాబొచ్చింది. అంతే. ఫోన్లు ఆగిపోయాయి.

రెండు వారాలు గడిచాయి. ఆ సాయంత్రాల్లో నేను ఫోన్ వైపు చూస్తున్నానని నాకే తెలిసొచ్చింది. నాతో మాట్లాడడానికి ఫోన్ చేసిన మనిషి చాలా కాలానికి అతనొక్కడే. అతని మాట నేనే తుంచేశాను. ఒక ఉదయం బస్సెక్కి కావలిలో దిగాను. నీటి గ్రహం కోసం జువ్వలదిన్నెలో కడుతున్న హార్బరు చూడాలని నాకు నేను సాకు చెప్పుకున్నాను. హార్బరు కాసేపు చూసి, ఆటో ఎక్కి మస్తానయ్య ఊరి పేరు చెప్పాను. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు.

ఊరు దగ్గరపడ్డాక ఎవరింటికని అడిగాడు ఆటో అతను. చెప్పాను. ఆటో పక్కకు తీసి ఆపాడు.

“ఆ ఇంటికాడికి నేను రానమ్మా. ఈడ దిగి నడుచుకోండి. చివర రేకుల షెడ్డు.”

నడిచాను. వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్ళు నన్ను చూశారు. నేను ఆ షెడ్డు వైపు తిరగగానే తలలు దించుకున్నారు.

ముప్పై అయిదేళ్ళ మనిషి. షెడ్డులో పానాలన్నీ సైజుల వరసలో తుడిచి పెట్టి ఉన్నాయి. ఒక్క ఇంజనూ లేదు. నేనెవరో చెప్పగానే లేచి నిలబడ్డాడు. స్టవ్ వెలిగించి టీ పెట్టాడు.

“ఈ ఇంట్లోకి మనిషొచ్చి నాలుగు నెల్లయిందక్కా” అన్నాడు గ్లాసు అందిస్తూ.

ఆ వేసవి తర్వాత సముద్రంలో రెండు పడవలు గుద్దుకున్నాయి. ఒక కూలీకి కాలు పోయింది. ఊరి పెద్దలు కూర్చుని తగువు తీర్చేశారు. కానీ ఒక పడవకు చుక్కాని పట్టు సరిగా లేదని, బాగుచేసేదాకా తియ్యవద్దని దాని యజమానికి ముందే చెప్పింది మస్తానయ్య. పోలీసులు వచ్చి అడిగితే ఆ మాటే చెప్పాడు. ఊరి తగువు స్టేషనుకు ఎక్కించాడని కట్టుబాటు వేశారు. ఎవరూ మాట్లాడకూడదు, పని ఇవ్వకూడదు. బడిలో కూతురి పక్కన కూడా ఎవరూ కూర్చోకపోతే భార్య ఆ పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్ళింది.

“వాళ్ళ మీద మీకు కోపం లేదా?” అన్నాను.

“కోపం ఉండాది. కానీ చెడ్డోళ్ళు కాదక్కా. మా నాయన పడవ తిరిగి రాకపోతే మూడు రోజులు సముద్రమంతా ఎతికింది వీళ్ళే. అందుకే ఆ పడవల సభ తీసెయ్యబాకు. అది లేకపోతే ఊరు నిలవదు. నాకు కావాల్సింది వేరే.”

“నాకు కోపమొచ్చి అట్లా రాశాను. తప్పు నాదే” అన్నాను.

“నువ్వు జవాబన్నా ఇచ్చినావు” అన్నాడు.

నేల మీద షీట్ పరిచి కూర్చున్నాం. సాయంత్రం దాకా కొట్టేస్తూ రాశాం. తేల్చింది మస్తానయ్యే. సభ సభగానే ఉంటుంది, వెలి వేసే అధికారం కూడా ఉంటుంది. కానీ రోజుకొక ఇంటికి వంతు వస్తుంది. ఆ రోజంతా ఆ ఇంటికి ఏ కట్టుబాటూ వర్తించదు. ఎవరొచ్చినా కూర్చోబెట్టి మాట్లాడాలి. సభ పెద్ద ఇంటికైనా వంతు తప్పదు. దానికి వంతిల్లు అని పేరు పెట్టాడు. ఎన్నో గ్రహాలకు ప్రభుత్వాలు రాసిన నాకు ఆ గడిలో అటువంటిది రాయవచ్చని అప్పటిదాకా తెలియదు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఆట. నన్నూ రమ్మన్నాడు. గంట తిరక్కుండానే ఆటగాళ్ళలో ఒకతని పాత్రను పడవల సభ వెలి వేసింది. అతను నవ్వుతూనే, “వంతిల్లు ఎవరిదో కనుక్కుని తలుపు కొడుతున్నా” అన్నాడు. తలుపు తీసేది గేమ్ మాస్టర్. స్క్రీను మీద మస్తానయ్య ముఖం కనిపిస్తూనే ఉంది. మాట రాలేదు. నెట్ పోయిందేమోనని ఒకతను అడిగాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

“రా, కూచో” అన్నాడు చివరికి. “పొద్దున్నించి ఎవురితోనన్నా మాట్లాడినావా?”

ఆ తర్వాత ఆటగాడు కూడా నవ్వలేదు. ఇద్దరూ అలల గురించి, ఇంజను శబ్దం గురించి అరగంట మాట్లాడుకున్నారు. మేం వింటూ కూర్చున్నాం.

ఊరు కట్టుబాటు ఎత్తలేదు. మరుసటి వేసవిలో మస్తానయ్య భార్యనూ కూతుర్నీ తీసుకుని ఉత్తరాన వేరే హార్బరుకు వెళ్ళి షెడ్డు పెట్టుకున్నాడు. అక్కడ పని బాగానే ఉందట. మొదట్లో వారానికోసారి ఫోన్ చేసేవాడు. తర్వాత నెలకోసారి. మాట్లాడే మనుషులు దొరికారనుకుని సంతోషించాను. సంతోషించాక గదిలో చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

ఇప్పుడు ఏ గ్రహానికి ప్రభుత్వం రాయాల్సి వచ్చినా, ఎవరు పాలిస్తారన్నది రెండో ప్రశ్నగా పెట్టుకున్నాను. అందరూ ముఖం తిప్పుకున్న మనిషికి ఆ గ్రహం మీద ఏ తలుపు తెరుచుకుంటుందన్నది మొదటిది. దాని జవాబును షీట్‌లో ఒక వాక్యంగా రాస్తే, ఆటకు పనికిరాదని కొందరు ఎడిటర్లు కొట్టేస్తారు. మళ్ళీ రాసి పంపుతాను. ఆ షెడ్డులో కూర్చునేదాకా నాకు ఆ ప్రశ్న తట్టలేదు. ఇన్నేళ్ళుగా ఒంటరిగా బతుకుతూ కూడా తట్టలేదు.