చెప్పకుండా పంపిన జలుబు

లిఫ్టులు బాగుచేసే అతన్ని వీధిలో అందరూ లిఫ్టాయన అనే పిలిచేవారు. "రోజూ ఇంతమందిని పైకి పంపుతున్నాను, నా మీద ఒక్క కేసు లేదు" అని నవ్వించేవాడు. భార్య తన చెల్లెలి కాన్పుకు వెళ్లిన వారంలో మాత్రం, మూడేళ్ల కూతురితో అతనికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ ఉదయం పిల్లకు ముక్కు ధారగా కారుతోంది, ఒళ్లు వెచ్చగా ఉంది. అవతల ఒక పెద్ద భవనంలో లిఫ్టు ఆగిపోయిందని ఫోను మీద ఫోను. జ్వరం మందు పట్టించి, శిశువిహారం గుమ్మంలో ముక్కు తుడిచి, "జలుబని ఆయమ్మకు చెప్పకు బంగారం" అన్నాడు.

"పాప ఒంట్లో బాగుందా?" అంది ఆయమ్మ.

"గుండ్రాయిలా ఉంది!"

మధ్యాహ్నం ఆయమ్మే ఫోను చేసింది. "జ్వరం తిరగబెట్టింది బాబూ. పొద్దున్నే మందు పట్టారట కదా. ఒక్క మాట చెప్పుంటే పక్కగదిలో పడుకోబెట్టేదాన్ని." గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండుననిపించింది అతనికి.

పరుగున వెళ్లి తెచ్చుకున్నాడు. డాక్టరు చెప్పినట్టు ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేశాడు, గోరువెచ్చని నీళ్లు గుక్కగుక్కగా తాగించాడు. పడుకుంటే ఊపిరాడక ఏడుస్తోంటే భుజాన వేసుకుని గదంతా తిరిగాడు. పిల్ల అతని చెవిలో, "మందు సంగతే చెప్పాను నాన్నా, జలుబు సంగతి చెప్పలేదు" అంది.

పిల్ల కోలుకున్నాక తీసుకెళ్తే, అక్కడ సగం మంది పిల్లలు లేరు. ఆయమ్మ దగ్గుతోంది. "ఎవరో జలుబు పిల్లని అంటగట్టి పోయారట! మా చంటాడు పాలు కూడా తాగలేకపోతున్నాడు" అంటోంది చంటాణ్ణి అక్కడే వదిలే, బట్టలు కుట్టే ఆవిడ, కళ్లనీళ్లతో.

"ఛ, ఏం మనుషులండీ!" అనేశాడు లిఫ్టాయన.

ఆయమ్మ తలెత్తి ఒక్కసారి చూసింది. తిరిగి తల వంచుకుని ఒక పిల్లాడి బూటు లేసు కట్టసాగింది.

వీధి మలుపు దాకా వెళ్లాడు. చెవులు కాలిపోతున్నాయి. వెనక్కొచ్చి, బట్టలు కుట్టే ఆవిడతో, "ఆ మనిషిని నేనేనమ్మా" అన్నాడు.

"మరి ఇందాక అలా అన్నారేం?" అంది ఆవిడ. ముఖం తిప్పుకుని వెళ్లిపోయింది.

ఆ పూట పని మానేసి, ఆయమ్మను కూర్చోబెట్టి పిల్లల్ని తనే చూసుకున్నాడు. కొన్నాళ్లకు చంటాడు తేరుకున్నాడు, ఆవిడా పలకరించడం మొదలుపెట్టింది. ఊరి నుంచి వచ్చిన భార్యకు జరిగినదంతా చెప్పాడు. శిశువిహారం గుమ్మంలో పిల్లతో తనన్న ఆ ఒక్క మాట మాత్రం చెప్పడానికి నోరు రాలేదు.