తుపాకికి పెట్టిన బొట్టు

ఎన్నికల కోడ్ వస్తే ఊళ్లో జెండాలు దిగుతాయి, గోడల మీద రాతలకు సున్నం పడుతుంది, మా ఇంట్లో బీరువా తెరుచుకుంటుంది. లైసెన్సు తుపాకులున్నవాళ్లు వాటిని తీసుకుపోయి పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి. మా ఆళ్లగడ్డలో అది చిన్నపాటి ఊరేగింపు. ఎవరి తుపాకి ఎంత మెరుస్తోందో పక్కవాళ్లు ఓరకంట చూస్తుంటారు. మా ఆయన ఆ రోజు కోసం పెళ్లికి పోయేవాడిలా ఇస్త్రీ చొక్కా తీసి పెట్టుకుంటాడు.

ఆ రైఫిల్ మా మామది. ఆయన పోయాక లైసెన్సు మా ఆయన పేరుకు మారింది. మా ఆయన దాంతో పిట్టను కొట్టింది కూడా లేదు. నంద్యాల నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో నాకు ఆ బీరువా ఉన్న గదిలో పడుకోవాలంటేనే భయమేసేది. పోనుపోను అది ఇంట్లో ముసలి చుట్టం లాంటిదని అర్థమైంది. పనేమీ చేయదు, మర్యాద మాత్రం జరగాలి.

ఆ మర్యాదకు వెనక ఒక కథ ఉంది. మా ఆయన చిన్నప్పుడు చేను గట్టు దగ్గర దాయాదులతో గొడవై, మామ కోపంతో ఊగిపోతూ రైఫిల్ పట్టుకుని పోయాడట. గురి కూడా పెట్టాడట. అంతలో దించేసి, ఇంటికొచ్చి "మనసొప్పలేదు" అన్నాడట. ఆ మాట నంద్యాల దాకా పాకింది. మా పెళ్లి మాటలప్పుడు మా నాయనకు అందరూ చెప్పింది ఆస్తి గురించి కాదు, ఇదే. ఈ కథ చెప్పేటప్పుడు మా ఆయన గొంతు మారుతుంది. వాళ్ల నాయన మంచితనానికి ఆయన దగ్గరున్న సాక్ష్యం ఆ రైఫిలే.

మొన్నటి ఎన్నికలప్పుడు, స్టేషన్‌కు పోవాల్సిన ముందురోజు పొద్దున, తుడుద్దామని తీస్తే దాని సేఫ్టీ మీట కదల్లేదు. ఆ మీట ఒకవైపు ఉంటే తుపాకి పేలదు, ఇంకోవైపు తోస్తేనే పేలుతుంది. పేలని వైపే బిగుసుకుపోయింది. నేరం వెంటనే నా మీద పడింది.

"నీ కుంకుమే," అన్నాడు. "దసరాకు ఆయుధపూజ అని దండిగా పులుముతావు గదా. అదే పోయి లోపల పట్టేసింది."

"బొట్టు పెడితే పట్టేసే తుపాకి ఏం తుపాకప్పా? దానికన్నా నా రోకలి నయం," అన్నాను.

లోపల గుండ్లు లేవని చూసుకుని, వరండాలో పాత పంచె పరిచి ఆ మీటను విప్పాడు. విప్పడం మా ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆయన విప్పిన మిక్సీ, గోడ గడియారం అటక మీద సంచుల్లో ఇప్పటికీ సుఖంగా ఉన్నాయి. ఇప్పుడు పంచె మీద మీట, ఒక సన్నటి మేకు, ఒక స్ప్రింగు. ఎట్లా బిగించినా వాటిలో ఏదో ఒకటి బయటే మిగులుతోంది.

చివరికి నంద్యాలలో ఉండే మా ఆడబిడ్డ మొగుడికి వీడియో కాల్ చేశాడు. ఆయన రిజర్వు పోలీసులో చేసి రిటైరైనవాడు. ఫోన్‌ను చెంబుకు ఆనించి నిలబెడితే, అవతల ఉగ్గాని తింటూ కనిపించాడు.

"ఏం బామ్మర్దీ, తుపాకి బిగిస్తాండావా, సంతలో అంగడి పెట్టినావా?"

"నవ్వింది చాల్లే బావా. ఈ స్ప్రింగు యాడ పెట్టల్ల?"

"యాడి నుంచి తీసినావో ఆడనే."

"రేపు దీన్ని సంచిలో పోసుకోని టేషన్‌కు పోతే ఊరంతా నవ్వుతారు. లైసెన్సు పీకేసినా పీకేస్తారు. మా నాయనది బావా ఇది."

ఆ గొంతు విని వాళ్ల బావ ప్లేటు పక్కన పెట్టాడు. "సరేప్పా, ముందు ఆ సందు గీకి శుభ్రం చెయ్. అంత మురికి పెట్టుకోని స్ప్రింగు కూర్చోమంటే యాడ కూర్చుంటాది?"

నేను దబ్బనం తెచ్చిచ్చాను. పైన పొడిపొడిగా రాలిన ఎరుపు నాది. దాని కింద నల్లగా, గట్టిగా, జిగురు ఎండినట్టు ఇంకో పొర. ఆ కింద మళ్లీ ఎరుపు, మళ్లీ నలుపు.

"ఇంత లోతుకు ఎట్ల పెట్టినావే?"

నేను కుంకుమ నీళ్లతోనే కలుపుతాను. ఒక పెచ్చు గోటితో నలిపి వాసన చూశాను. ఆముదం, ఎండి బంకైపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. నా మొదటి దసరాకు మా అత్త నా వేలు పట్టుకుని చూపించింది. "బొట్టు ఈడనే పెట్టల్ల కోడలా, ఈ మీట సందులోనే. ఆముదంలో కలిపి పెట్టు." ఎందుకత్తా అంటే, మన ఇంటి ఆచారం అంది. ఆముదం కంపు నాకు పడదు. అత్త పోయాక నీళ్లకు మారాను.

ఈ మాట పైకే చెప్పాను. ఫోన్‌లో బావ పగలబడి నవ్వాడు. "మా అత్త అసాధ్యురాలప్పా!" అని, మా ఆయన ముఖం చూసి ఆపేశాడు.

"అయితే ఆ పొద్దు గట్టు కాడ నాయన..." అన్నాడు మా ఆయన.

ప్రతి మాటకూ ఎదురు మాట ఉండే నాకు ఆ పూట నిజంగా జాలేసింది. "మామకు మనసొప్పలేదులే," అన్నాను. "ఆయనే చెప్పినాడు గదా."

తల ఊపి, మిగిలింది కిరసనాయిలుతో కడిగాడు. స్ప్రింగు కూర్చుంది, మేకు దిగింది, మీట అటూ ఇటూ టక్కుమని ఆడింది. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన విప్పింది తిరిగి బిగించడం అదే మొదలు. అయినా గొప్పలు చెప్పుకోలేదు. మర్నాడు స్టేషన్ దగ్గర ఎవరో "మీ నాయన దించిన తుపాకి గదన్నా ఇది?" అని అడిగితే, అవునన్నాడట, అంతే.

ఎన్నికలయ్యాక రైఫిల్ ఇంటికొచ్చింది. ఆ వానాకాలం కాలువ నీళ్ల దగ్గర అదే దాయాదులతో మాటా మాటా పెరిగింది. ఇంటికొచ్చిన మా ఆయన బీరువా వైపు చాలాసేపు చూశాడు. కాసేపటికి కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.

దసరా వచ్చింది. గిన్నెలో కుంకుమ కలిపి పెట్టుకున్నాను. ఆయన రైఫిల్ తెచ్చి నా పక్కన కూర్చుని, గిన్నెలోకి తొంగి చూశాడు.

"నీళ్లతోనే కలిపినావా?"

"ఊ."

"ఇంట్లో ఆముదం లేదా?"

ఉందని చెప్పి లేచాను. నేను తెచ్చేదాకా ఆయన మీటను పేలని వైపుకు తోసి, దాని మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు.