లక్కతో పూడ్చిన పట్టీ

నాకు పింఛను వచ్చిన ఏటి వేసవిలో యానాం నుంచి ఒక పాత గుర్రబ్బండి కొని ధవళేశ్వరం తెచ్చుకున్నాను. స్వదేశం పోతూ ఒక దొర పాకలో వదిలేసిన బండి. ఏళ్ళ తరబడి ఉప్పుగాలి తగిలి ఇనుమంతా తుప్పు పట్టింది. అయినా కుదుపు తెలియనివ్వకుండా కింద బిగించిన ఉక్కు కమానులు బాగున్నాయి. నాకు కావలసింది అవే.

మా అమ్మాయికి అప్పుడు ఏడో నెల. మండపేట దగ్గరి అత్తవారింటి నుంచి పురిటికి తీసుకురావాలి. పడవలో తెద్దామంటే మరమ్మతులకని కాలువలు కట్టేశారు. ఎద్దుబండి కుదుపులకే అంతకుముందు దాని కడుపు పోయిందని మా ఆవిడ నమ్మకం. నా భయమూ అదే. ఎనిమిదో నెల వస్తే ఇక కదపరు.

ఉద్యోగమంతా కాలువ లాకుల ఇనుప తలుపుల దగ్గర చేసినవాణ్ణి. తుప్పు సంగతి నాకొకరు చెప్పనక్కర్లేదు. బండి పెట్టెను కమానులకు పట్టి ఉంచే పట్టీలు రెండూ లోపల డొల్ల. వాటిని తీసేసి కొత్తవి చెయ్యమని కమ్మరికి సుద్దతో గుర్తులు పెట్టి మరీ చెప్పి, పని మీద కాకినాడ వెళ్ళాను. అజమాయిషీ మా బావమరిదికి అప్పగించాను.

తిరిగి వచ్చేసరికి బండి నల్లగా నిగనిగలాడుతోంది. సుత్తితో పట్టీని తట్టాను. ఖణీమనలేదు. చాకుతో గీకితే లక్క ఊడివచ్చింది. కన్నాలన్నీ లక్కతో, ఇటుకపొడితో పూడ్చి పైన రంగు పూశారు.

"ఇదేంటి?" అన్నాను.

కమ్మరి మా బావమరిది వంక చూశాడు. "చిన్నయ్యగారే పూడ్చమన్నారండి. అమ్మాయిగారి ప్రయాణం ముహూర్తానికి అందాలన్నారండి. ఆయ్."

"గురువారం తప్పితే ఈ నెలలో మళ్ళీ మంచిరోజు లేదు బావగారూ," అన్నాడు మా బావమరిది. "అయినా ఇవేమన్నా లాకు తలుపులా ఏంటండీ, గోదారిని ఆపడానికి? ఒక ఆడపిల్ల బరువేగా."

"ఇద్దరి బరువు," అని సుత్తితో ఒక్కటి వేశాను. పట్టీ రెండు ముక్కలైంది. బండి పెట్టె ఒక పక్కకు ఒరిగిపోయింది.

"అయిపోయింది. ఇక మీ కూతుర్ని మీరే భుజాన మోసుకురండి," అని అతను లోపలికి పోయాడు. నేను వీధి వినేలా తిట్టాను. అతన్నీ తిట్టాను, తెలిసీ లక్క కాచిన కమ్మరినీ తిట్టాను. కొత్త పట్టీలు చెయ్యాలంటే గురువారానికి అవవు.

సాయంత్రం మా ఆవిడ వచ్చి, "గురువారం ప్రస్థానం పెట్టమని వియ్యపురాలిగారికి కబురు చేశాను," అంది. ముహూర్త వేళకు పిల్ల చీర, పసుపు కుంకుమ మూటగట్టి పొరుగింట్లో ఉంచితే ప్రయాణం మొదలైనట్టే. మనిషి నాలుగు రోజులు ఆగి బయలుదేరినా దోషం లేదు.

"ఈ ముక్క ముందే తోచలేదా నీకు?"

"తోచింది. బండి సిద్ధమని తమ్ముడన్నాడు. నేనూ వెళ్ళి చూశాను. నల్లగా బాగానే ఉందనుకున్నాను."

ఉపాయం ఇంట్లోనే ఉంది. దాన్ని పక్కనబెట్టి నా బిడ్డను లక్క మీద కూర్చోబెట్టబోయారు.

కొలిమి దగ్గర నేనే నిలబడి కొత్త పట్టీలు చేయించాను. గురువారం వెళ్ళిపోయాక బండి కట్టించి మండపేట వైపు వెళ్ళి పిల్లను ఎక్కించుకున్నాను. గుర్రాన్ని నడిపిస్తూనే కాలువ గట్టు మీద తెచ్చాను. ఒక తూము దగ్గర గట్టు తెగి ఉంది. చక్రం గోతిలో పడి బండి దబ్బున కూలబడింది. కమానులు మూలిగాయి. పట్టీలు నిలిచాయి. అమ్మాయి పొట్ట పట్టుకుని నా వంక చూసింది. నేను దిగి కళ్ళెం పట్టుకుని బండిని గోతిలోంచి బయటికి లాగించాను.

ఇంటి ముందు మా బావమరిది హారతి పళ్ళెంతో ఎదురొచ్చాడు. "చూశావా అమ్మా, ముహూర్తబలం. చీమ కుట్టినట్టైనా లేకుండా వచ్చేశావు."

నేను నోరు తెరిచేలోగా అమ్మాయి నా భుజం పట్టుకుని దిగుతూ, "ఈసారి ఆ తూము దగ్గర మీరు కూర్చోండి మామయ్యా, బలం తెలుస్తుంది," అంది.

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నేను నవ్వలేదు.